నాలుగు వేళ్లు కిందికి

ఆ ఆదివారం తెల్లవారేసరికి వెర్డీ రివాల్వర్‌లో నేను నింపిన ఆరు తూటాలున్నాయి. వాటిలో ఏముందో ఆమెకు తెలియదు. చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు.

వెర్డీ నా భార్య. మా క్యాంపులో ఒక కట్టుబాటు ఉంది. వరసగా మూడు వేటకాలాలు దుప్పిని వేలాడగట్టలేని మనిషి తన మంచె వదులుకోవాలి. క్యాంపు ముందు ఓక్ దూలం ఉంది. ఆఖరి రోజు ఎదుటి గట్టు మీద ఎండ పోయేలోపు ఆ దూలానికి దుప్పిని ఎత్తాలి, వెనక గిట్టలు నేల వదలాలి. తర్వాత తెచ్చింది తినడానికే గాని మంచె నిలబెట్టడానికి పనికిరాదు.

వెర్డీకి రెండు కాలాలు ఖాళీగా పోయాయి. మొదటి ఏడు ఆసుపత్రిలో కుడి భుజానికి కత్తి పడింది. రెండో ఏడు రైఫిల్ ఎత్తబోతే ఆ భుజం ఎత్తనివ్వలేదు. ఇది మూడోది, ఈ ఆదివారం ఆఖరి రోజు. ఊట పైనున్న ఆ మంచె ఆమె నాన్న కట్టింది. పన్నెండేళ్ల వయసు నుంచి ఆమె దాన్ని ఎక్కుతోంది. పోతే ఆమె అన్న కొడుకు డార్సీకి పోతుంది. డార్సీ చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లొచ్చినా నోటికి మూత రాలేదు, అంతే.

రైఫిల్ ఎత్తలేనని తేలాక ఆమె వాళ్ల నాన్న రివాల్వర్ బయటికి తీసింది. నలభై నాలుగు మాగ్నమ్. రెండు చేతులా పట్టుకుని మంచె కమ్మీ మీద ఆనిస్తే భుజానికి పని లేదు. పేలినప్పటి తన్నంతా మణికట్లకే.

తూటాలు నేనే చేస్తాను. కొట్టు తూటా కొట్టు రొట్టెలాంటిది, ఆకలి తీరుతుంది గాని రుచి ఉండదు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని తుడిచి, మరలో పెట్టి నొక్కి సరిచేస్తాను. అడుగున నిప్పు రగిల్చే కొత్త టోపీ కూర్చి, త్రాసులో తూచిన తుపాకి మందు పోస్తాను. పైన గుండు పెట్టే ముందు ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి చూస్తాను. తర్వాత గుండు దింపి, గొట్టం మూతి గట్టిగా లోపలికి ముడుస్తాను. ఆ ముడత వదులైతే ఒకటి పేలిన కుదుపుకి మిగతా గుండ్లు ముందుకు జారి తూటాలుండే గిరక తిరగదు. సీసం నేనే కరిగించి పోస్తాను. గుండు ముక్కు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. దుప్పిలో ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతుంది.

అక్టోబరులో వెర్డీ సాధనకి మందు తగ్గించని నిండు తూటాలే చేశాను. మొదటి వారం బాగా కొట్టింది. రెండో వారానికి గుండ్లు గురికి కింద పడటం మొదలైంది. గిరకలో ఒక ఖాళీ గొట్టం కలిపి ఇచ్చాను. దాని వంతు వచ్చినప్పుడు తుపాకి పేలలేదు, కానీ మూతి జానెడు కిందికి వంగింది. తన్ను వస్తుందన్న భయంతో మీట నొక్కకముందే కళ్లు మూసుకుంటోంది. ఇద్దరం చూశాం. సాయంత్రం గిన్నెలు తోముతూ మణికట్టు వేడినీళ్లలో చాలాసేపు ఉంచింది.

మర్నాడు నేను మందు తగ్గించి ఆరు తూటాలు చేశాను.

ఆమెతో అంటే ఒప్పుకునేది కాదు. అందుకని ఆమె చర్చికి పోయినప్పుడు ఆ రివాల్వర్‌తోనే నాలుగు కాల్చి చూసి, వాటి చోట మళ్లీ నాలుగు నింపాను. నలభై గజాల్లో గుండ్లన్నీ ఒకేచోట పడ్డాయి, కానీ గురికి నాలుగు వేళ్లు పైన. మందు తగ్గిన మెత్తటి తూటా గుండు మెల్లగా కదులుతుంది. అది తుపాకి గొట్టం దాటేలోపు మూతి పైకి లేస్తుంది. గురి మర రెండు చుట్లు దించితే సరిపోయేది. కానీ ఆమె నాన్న తుపాకి మీద, ఆమెకు తెలియకుండా స్క్రూడ్రైవర్ పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. తూటాలు మార్చడానికి మాత్రం వచ్చింది. ఆఖరి రోజు పొద్దున మంచె ఎక్కేలోపు చెప్పేద్దామనుకున్నాను.

పొద్దున క్యాంపులో వేడి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోసుకుని తింటున్నాం. డార్సీ మొదలెట్టాడు.

"అత్తా, ఆ బుల్లి తుపాకితో దుప్పినేం చేస్తావే? దగ్గరికి పిలిచి నెత్తిన మొడతావా?"

"నిన్ను మొట్టి మొట్టి అలవాటైన చెయ్యిరా ఇది," అంది వెర్డీ.

క్యాంపు పెద్ద హోబర్ట్ నవ్వాడు. అతను డార్సీ తండ్రి, వెర్డీకి అన్న. "బావా, ఎండ నాలుగూ నలభైకి గట్టు వదులుద్ది. చెల్లెలు కదాని ఒక్క నిమిషం కూడా ఎక్కువివ్వను. ముందే చెబుతున్నా."

"నిన్నెవరడిగారు?" అంది వెర్డీ.

డార్సీ నా వైపు తిరిగాడు. "మామా, నిజం చెప్పు. అత్త కోసమని పిల్లకాయల తూటాలు చేశావు కదూ?"

నేను కాఫీలోకి చూశాను.

"మీ మామా!" అంది వెర్డీ. "మీ మామ మందు నిండుగా పోస్తాడ్రా. ఆయన తగ్గించేది మాటలొక్కటే."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అంతమందిలో ఇక ఏం చెబుతాను?

చీకటుండగానే మంచె ఎక్కాం. ఎక్కాక అక్కడ మాట్లాడకూడదు. అది నాకెప్పుడూ కష్టమైన పని కాదు, ఆరోజు తప్ప. పదింటికి రెండు ఆడదుప్పులు, వెనక ఒక పిల్ల వచ్చి నీళ్లు తాగి పోయాయి. మా దగ్గర ఆడదుప్పిని కొట్టే అనుమతి చీటీ లేదు. మధ్యాహ్నం ఉడతలు తప్ప ఏమీ లేవు. వెర్డీ చేతి గడియారం చూసుకోవడం మానేసింది. మూడైంది. మూడుంపావు అయింది.

అప్పుడు ఎండుటాకుల మీద అడుగు పడింది. ఒక్కటే అడుగు. ఉడతకి అంత ఓపిక ఉండదు.

దేవదారు పొదలోంచి ముందు కొమ్ములొచ్చాయి. ఎనిమిది మొనలు. తర్వాత మెడ, చలికాలపు మగదుప్పి మెడ, పీపాలా ఉంది. వెర్డీ రివాల్వర్ కమ్మీ మీద ఆనించింది. బొటనవేలితో తుపాకి సుత్తి వెనక్కి లాగింది. దుప్పి నలభై గజాల్లో ఊట పక్కకి వచ్చి అడ్డంగా నిలబడింది. ఇంతకంటే బాగా ఏ దుప్పీ నిలబడదు.

ఆమె నిండు తూటా అనుకుని గురి పెడుతోంది.

నేను ఆమె మోచెయ్యి తాకాను. "వెర్డీ."

"నోర్ముయ్," అంది పెదాలు కదపకుండా.

"కిందికి పట్టు."

"ఎందుకు?"

"తూటాలు మెత్తవి. నేనే మెత్తగా చేశాను."

ఆమె తల తిప్పలేదు. చెవి మాత్రం టొమాటోలా ఎర్రబడింది. కింద దుప్పి తలెత్తి గాలి వాసన చూసింది.

"ఎంత కిందికి?"

"నాలుగు వేళ్లు."

"ఎవరి వేళ్లు?"

"నావి."

"నీ వేళ్లు తగలెయ్య," అంది.

తుపాకి పేలింది. నేను దుప్పిని చూడలేదు. ఆమె కళ్లే చూశాను. రెండూ తెరిచే ఉన్నాయి.

దుప్పి ఒక్కసారి వీపు విల్లులా వంచి, పొద విరుచుకుంటూ పల్లానికి పోయింది. తోక ఎత్తలేదు. తగిలిందనడానికి అది మంచి గుర్తే, కానీ గుర్తును దూలానికి కట్టలేం.

"తగిలిందా?" అంది.

"తెలీదు."

"తెలీదా? మందు నువ్వే పోశావు, వేళ్లు నువ్వే కొలిచావు, తగిలిందో లేదో మాత్రం తెలీదా?"

దెబ్బతిన్న దుప్పిని వెంటనే తరిమితే రెండు మైళ్లు పోతుంది. అరగంట ఆగాలి. గడియారంలో మూడూ ఇరవై ఐదు. పావుగంట ఆగుదామన్నాను. ఆ పావుగంటా ఆమె గుసగుసగా తిడుతూనే ఉంది.

"గుండు పైనుంచి పోయుండాలి, అప్పుడు చెబుతా నీ సంగతి. ఈ మంచె డార్సీదైపోద్ది. నువ్వు వాడితోనే ఇక్కడ కాపురం చేసుకో. వంట నువ్వే చెయ్యి."

దిగాం. దుప్పి నిలబడ్డ చోట కొంచెం వెంట్రుకలు పడి ఉన్నాయి. రక్తం లేదు. పది గజాలు పోయాం, లేదు. ఇరవై గజాలు, లేదు.

వెనక కొమ్మలు విరిగాయి. నారింజ రంగు చొక్కాతో డార్సీ వచ్చాడు.

"ఇందాక పేలింది మీదేనా అత్తా? ఎవరో చెక్కతలుపు వేశారనుకున్నా." అని నా వైపు చూసి కన్ను కొట్టాడు. వాడికి తెలిసిపోయింది. నిండు తూటా మోతని కొండలు తిప్పి కొడతాయి. దీన్ని కొట్టలేదు.

"వాగకుండా కళ్లు కింద పెట్టి వెతకరా," అంది వెర్డీ.

ముగ్గురం పాకినట్టు వెతికాం. నాకు వెంట్రుకలు ఎందుకు భయపెట్టాయో చెబుతాను. వీపు వెంట్రుక ముదురుగా, పొడుగ్గా ఉంటుంది. ఇవి కొన్ని అలాగే ఉన్నాయి. అంటే పైనే తగిలింది. ఎంత పైన అన్నదే తేలాలి.

డార్సీ మాకు ఎడమగా, ముందు పోతున్నాడు. ఒకచోట ఆగాడు. వాడి వీపు నాకు కనిపిస్తోంది. వాడు కింద ఏదో చూసి అలాగే నిలబడ్డాడు. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. వాడు కాలి కింది ఆకును తిప్పేసి ముందుకు నడిస్తే మాకెప్పటికీ తెలియదు. మంచె వాడిది అయిపోతుంది.

"అత్తా!" అని అరిచాడు. "ఇక్కడే! నురగుంది, నురగ!"

ఎర్ర ఓక్ ఆకు మీద గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల రక్తం. పైన తగిలితే లోపలే నిండి ఆలస్యంగా బయటికొస్తుంది. వెర్డీ నా చేతికర్ర లాక్కుని పరుగెత్తింది. అరవై రెండేళ్ల మనిషి. భుజం మాటే మరిచిపోయింది. రక్తపు చుక్కలు గీతయ్యాయి, గీత కాలవైంది. వాగు ఒడ్డున సికమోర్ చెట్టు వేళ్ల మధ్య దుప్పి పడి ఉంది. కదలట్లేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని గాయం మీద వేలు పెట్టింది. ఉండాల్సిన చోటుకి కొంచెం పైన. అటుపక్క కూడా రంధ్రం ఉంది. గుండు దూసుకుపోయింది.

"నా సన్న వేళ్లే పట్టా," అంది. "నీవి నమ్మలేదు. నీవే పట్టుంటే నడిమధ్యలో తగిలేది."



"ఏం మనుషులే మీరు, గడియారం చూడండి!" అని డార్సీ అరిచాడు.

నాలుగు దాటి ఎనిమిది నిమిషాలు. క్యాంపు అరమైలు. అంతా ఎక్కుడే. కొమ్ముకి అనుమతి చీటీ కట్టి, కడుపు చీల్చి పేగులు తీసి పారేసేసరికి ఇంకో పది నిమిషాలు పోయాయి. డార్సీ కొమ్ములకి తాడు వేశాడు. వాడు ఒకవైపు, నేను ఒకవైపు. వెర్డీ ఎడంచేత్తో వెనక నుంచి తోస్తూ మమ్మల్ని ఎద్దుల్లా తోలింది.

"లాగరా డార్సీ! తిన్న బిస్కెట్లన్నీ ఎటుపోయాయిరా!"

"నా మంచె పోగొట్టుకోడానికి నేనే లాగుతున్నా అత్తా, తిట్టకుండా లాగించుకో!"

"నీ మంచె ఎప్పుడయిందిరా?"

"ఇంకో పదిహేను నిమిషాల్లో అయ్యేది!"

నవ్వొస్తే ఊపిరి అందదు. ఊపిరి అందకపోతే కాలు జారుతుంది. రెండుసార్లు పడ్డాను. చెట్ల సందుల్లోంచి ఎదుటి గట్టు కనిపిస్తోంది. ఎండ దాని నడుం దాకా పైకి పాకింది. క్యాంపు అంచుకి చేరేసరికి గట్టు తల మీద తువ్వాలంత మాత్రం మిగిలింది.

హోబర్ట్ దూలం కింద గడియారం పట్టుకుని నిలబడ్డాడు. మిగతా వాళ్లంతా బయటికొచ్చారు. ఎవరో తాడు దూలం మీదుగా విసిరారు. అందరం పట్టుకుని లాగాం. తల లేచింది, ఛాతీ లేచింది. తడి తాడు బెరడులో ఇరుక్కుని ఆగిపోయింది.

"గిట్టలింకా నేల మీదే ఉన్నాయి," అన్నాడు హోబర్ట్.

"కనిపిస్తోందిలే అన్నా, కళ్లున్నాయి మాకు!" అంది వెర్డీ.

డార్సీ తాడు వదిలేశాడు. వంగి దుప్పి కిందికి దూరి, తొడల కింద భుజం పెట్టి, గట్టిగా అరుస్తూ లేచి నిలబడ్డాడు. తాడు ఊడివచ్చింది. నలుగురం ఒక్క గుంజు గుంజాం. గిట్టలు మోకాలెత్తు లేచి గాల్లో ఊగాయి. హోబర్ట్ గట్టు వైపు చూశాడు. ఆ తువ్వాలంత ఎండ ఇంకా అక్కడే ఉంది, రుమాలంత అయింది.

"ఉంది," అన్నాడు. "మంచె వెర్డీదే."

కేకలు మొదలయ్యాయి. ఎవరో వంటపాత్ర మీద గరిటెతో వాయించారు. డార్సీ చొక్కా నిండా రక్తంతో నేలమీద చతికిలబడి రొప్పుతున్నాడు. వెర్డీ వాడి జుట్టు పట్టుకుని తల ఒక ఊపు ఊపింది.

"బావా," అన్నాడు హోబర్ట్, "మందెంత పోశావేంటి? మనిషి మణికట్టు విరగలేదు, దుప్పి మాత్రం పడింది."

అందరూ నా వైపు తిరిగారు. డార్సీ కూడా తలెత్తి చూశాడు, కానీ నోరు విప్పలేదు. నేను చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాను. నాకంటే ముందు వెర్డీ అందుకుంది.

"మెత్తవన్నా! పిల్లలకి పంచదార దాచినట్టు నా దగ్గర దాచాడు. దుప్పి ఎదురుగా నిలబడ్డాక చెవిలో చెప్పాడు. అడగండి!"

ఆ నవ్వులకి దూలం మీది దుప్పి కూడా కదిలినట్టనిపించింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెర్డీ నా దగ్గరికొచ్చి కుడి మణికట్టు ఇటూ అటూ తిప్పి చూపించింది.

"నొప్పి లేదు," అంది, నాకు మాత్రమే వినబడేలా. "అలాంటివే ఇంకో యాభై చెయ్యి. గురి మర నేనే దించుకుంటా. కానీ ఈసారి నువ్వు మందు పోసేటప్పుడు నేను పక్కన కూర్చుంటా."

"కూర్చుంటే మాట్లాడకూడదు," అన్నాను.

"నలభై ఒక్కేళ్లుగా నీతో కాపురం చేస్తున్నానయ్యా," అంది. "మాటల్లేకుండా కూర్చోవడం నాకు నేర్పకు."