గూబ కళ్లకు నేను పూసిన పసుపు

ఆ గూబ కళ్లకు పసుపు రంగు వేసింది నేనే. ఇంకెవరి మీదా తోసెయ్యడానికి వీల్లేదు.

మ్యూజియంలో బొమ్మలు గీసే ఉద్యోగం నాది. అడవి పక్షుల పుస్తకం కోసం ఆ అరుదైన గుడ్లగూబను గీయమన్నారు. సొరుగులోంచి తీసిచ్చింది దూది కూరిన ఎండు పక్షి, ఎనభై ఏళ్ల నాటిది. జానెడు పొడవు, చెట్టు బెరడు రంగు ఈకలు, తెల్లటి కనుబొమలు, చెవుల మీద చిన్న కుచ్చులు. ఈకలు ఎన్నాళ్లైనా ఉంటాయి గానీ కళ్లు నిలవవు. అందుకే పక్షిని పట్టినవాళ్లు కళ్ల రంగును చీటీ మీద రాసి కాలికి కడతారు. ఈ చీటీలో సరిగ్గా ఆ మాట దగ్గరే పురుగు తినేసింది. అలాంటప్పుడు కళ్లకు రంగు వేయకుండా, కింద 'తెలియదు' అని రాయాలి. గుడ్డి పిట్టను అచ్చులో చూసుకోవడానికి నా పొగరు ఒప్పుకోలేదు. గూబలకు పసుపు కళ్లే కదా అనుకుని పూసేశాను. అందరూ ఆ కళ్లనే మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

పదకొండేళ్లు గడిచాయి. అడవి కాపలా ఉద్యోగం చేసే మా తమ్ముడు మొన్నామధ్య ఆ గూబను మూడుసార్లు చూశాడు. నేల మీద ఎండ పడని లోయలో, వాగు పక్కన, చెట్టు తొర్రలో. ఆ లోయలో రాయి తవ్వుతామని ఎవరో అనుమతి అడిగారు. గూబ ఉందని తేలితే తవ్వకం ఆగుతుంది. తీసిన ఫొటో మసకగా వచ్చింది. అందుకని చూసింది చూసినట్టు ఆ అనుమతి తేల్చే కమిటీకి రాసిచ్చాడు, కళ్లు ముదురు గోధుమ రంగని.

"కొట్టేశారక్కా," అన్నాడు, మా వంటింట్లో నిలబడి. "పుస్తకంలో పసుపు కళ్లున్నాయి, నువ్వు చూసింది మామూలు గూబ అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? అది నువ్వేసిన బొమ్మ. మా అక్క తప్పు వెయ్యదు, నేనే పొరబడి ఉంటానని సంతకం పెట్టేశాను."

నా మీద రావలసిన కోపం వాడి మీద వచ్చింది. "మూడుసార్లు చూసి పొరబడతావుట్రా, తెలివితక్కువ వెధవా!" అని అరిచాను. ఆ అరుపులోనే నిజం కూడా కక్కేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, మర్నాడు గూబ కాలికున్న ఆ చీటీ తీసుకుని కమిటీ ఆఫీసుకి వెళ్లాను. వాడు బయట బెంచీ మీద కూర్చున్నాడు. అధికారి చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"పురుగు అప్పుడే తిందో, ఈమధ్య తిందో ఎవరు చెప్పగలరమ్మా? తమ్ముడి మీద ప్రేమ ఉండాల్సిందే. అందుకోసం అంత మంచి బొమ్మని తప్పంటారా? పైగా ఆయనే ఒప్పుకుని సంతకం పెట్టారు. సోమవారం నుంచి చెట్లు కొడతారు."

బయటికొచ్చాను. వాడు లేచాడు.

"నమ్మారా?"

"లేదురా."

"మరీ బాగా వేశావక్కా," అన్నాడు, ఏ ఎత్తిపొడుపూ లేకుండా.