గాజును కదలనివ్వని చేయి

తిరుత్తణి కొండకింద వీధిలో వల్లియమ్మ గాజులకొట్టు తెరిస్తే, కొత్తకోడలు మీనాంబకు రంగుల్లోనే తెల్లవారినట్టుండేది. పెళ్లయి మూడు నెలలు. బి.యస్సీ. చదివిన పిల్ల. గాజుల్లోంచి దూరిన ఎండ ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా తన పాదాల మీద ఆడుతుంటే, చూస్తూ చూస్తూ కాఫీ చల్లార్చుకునేది.

ఎంత బిగువు చేతికైనా నొప్పి తెలీకుండా గాజు తొడగడంలో అత్తకు పేరు. ఇప్పుడా వేళ్లకు పట్టు లేదు. కిడ్నీ జబ్బు ఎముకల్ని గుల్ల చేస్తోందన్నారు. ఎముకలకు పాలే బలమని పుస్తకంలో చదివిన మీనాంబ, పూటకో గ్లాసు ప్రేమగా తాగించింది.

ఆ సంగతి విని మద్రాసు డాక్టరు తల పట్టుకున్నాడు.

"ఈమెకు పాలలోని భాస్వరం బయటికి పోదమ్మా. రక్తంలో పేరుకుని ఎముకల్ని ఇంకా పాడుచేస్తుంది. పాలు తగ్గించండి. తిండిలోని భాస్వరాన్ని పట్టేసే ఈ తెల్లమాత్ర అన్నంతోపాటే నమలాలి."

మర్నాడు పాలగ్లాసు రాలేదు. వల్లియమ్మ మాత్రను పక్కకు నెట్టేసింది.

"పాలు చెడుపంట! ఆ డాక్టరు పసిబిడ్డప్పుడు ఏం తాగినాడంట, కల్లా?"

మీనాంబకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎల్లుండి ఆడి నెల, అరవల ఆషాఢం, మొదలు. కొత్తకోడళ్లందరిలా తనూ నెలరోజులు తిరువళ్లూరులో పుట్టింట ఉండాలి. తను లేనప్పుడు అత్త చాటుగా పాలు తాగితే?

"నీకు నా చేతులతో గాజులేసి పంపాల. పాలు లేకుంటే ఈ వేళ్లు యాడ లేస్తాయి పిల్లా?" అంది వల్లియమ్మ, గొంతు తగ్గించి.

ఓహో, ఇదా బెంగ! మీనాంబ చేతికి సబ్బునురుగు రాసుకుని అత్త ముందు కూర్చుంది.

"వేళ్లు లేవక్కర్లేదత్తా. మీరు గాజు కదలకుండా పట్టుకోండి. నా చేయే వస్తుంది."

"ఎవురన్నా చూస్తే నగుతారే!"

"నగనీండి."

వల్లియమ్మ రెండు అరచేతుల నడుమ పచ్చగాజును నిలిపింది. మీనాంబ బొటనవేలు ముడిచి, చేయి మెల్లగా లోపలికి పోనిచ్చింది. చెరువులోకి చేప జారినట్టు. నురుగుబుడగలో కొట్టంతా చిన్నదై తేలింది. ఒకటి, రెండు, డజను. ఒక్కటీ చిట్లలేదు.

వల్లియమ్మ కోడలి చేతిని చెవి దగ్గరికి తీసుకుని, ఆ గలగలను చాలాసేపు విన్నది.

"అన్నం పెట్టు," అంది చివరికి. "ఆ బిళ్ల గూడా తే. నువ్వు తిరిగొచ్చేలోగా నమిలి నమిలి వేళ్లు లేపతా. మళ్లీ ఈ సబ్బు ఏషాలు నాకాడ కుదరవు."