ఆరు గంటల ఫోను

హోటలు వెతికే పని ఆమే నెత్తినేసుకుంది. కింద బారు ఉండకూడదు, పక్కన ఉండకూడదు, వీలైతే ఎదురుగా కూడా ఉండకూడదు. వరసగా ఫోన్లు చేసి బారుందా అని అడుగుతూ పోతే, మూడో చోట రిసెప్షన్ ఆయన గొంతు తగ్గించి, బారైతే లేదు గానీ కావాలంటే గదికే తెప్పిస్తామని భరోసా ఇచ్చాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చివరికి గ్రంథాలయం వెనక సందులో ఆరు గదుల పాత ఇల్లొకటి దొరికింది. దాన్ని నడిపే ముసలావిడ రాత్రి తొమ్మిది దాటాక గట్టిగా దగ్గినా ఊరుకోదట.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి ఒక ఊరు చూడ్డం ఇదే మొదలు. అంతకుముందు వెళ్ళలేదని కాదు. వెళ్ళిన ప్రతిచోటా ఆమె ఊరిని చూసేది, అతను సీసాని చూసేవాడు. అతను బస్సు డిపోలో మెకానిక్కు. తాగుడు మానేసి ఎనిమిది నెలలైంది. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని కర్టెన్లు కుడుతుంది. చలికాలం ఎవరూ కర్టెన్లు మార్చరు కాబట్టి మూడు రోజులు మిషను మీద గుడ్డ కప్పేసి బయల్దేరింది.

మొదటి రోజు చిత్రాల మ్యూజియానికి వెళ్ళారు. బయట మంచు, లోపల వెచ్చగా, అడుగు వేస్తే చెక్క నేల కిర్రుమంటోంది. జనం లేరు. అతను చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా ఒక్కో బొమ్మ ముందూ ఆగుతూ నడిచాడు. ఒకదాని దగ్గర అలా ఆగిపోయాడు. ఆ బొమ్మలో, వానలో ఒకడు ఒంటి గుర్రం బండి చక్రం విప్పుతున్నాడు. బండిలో కూర్చున్న వాడి భార్య బయటికి వంగి, వాడి తల మీద గొడుగు పట్టింది.

"ఎలా ఉంది?" అని అడిగిందామె.

"బాగుంది," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె కాసేపు నిలబడింది. అతను తర్వాతి బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరైంది. ఒకప్పుడు అది అతను డిపో గేటు దాటి ఎడమవైపుకి తిరిగే వేళ. ఇల్లు కుడివైపు. ఇప్పుడా వేళకి సెలూన్ అన్నయ్యకి ఫోను చేస్తాడు. సెలూన్ అన్నయ్య డిపో ఎదురుగా జుట్టు కత్తిరించే మనిషి, పదకొండేళ్ళ కిందట తనూ మానేసినవాడు. మానాలనుకునే వాళ్ళకి రోజూ ఒక మాట సాయం చేస్తుంటాడు. అన్నయ్య అన్నది పుట్టుకతో వచ్చిన వరస కాదు, అతను కలుపుకున్నది.

అతను కిటికీ దగ్గర నిలబడి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఆమె దుప్పటి మడిచిందే మళ్ళీ మడుస్తూ విన్నది. చక్రం విప్పేవాడు దాన్ని పట్టుకున్న తీరే తప్పట, ఆ బొమ్మ వేసినాయన జన్మలో చక్రం విప్పి ఉండడట. అలా పట్టుకుంటే బండి కాలి మీద పడుతుందని చెప్పి పకపకా నవ్వాడు. మళ్ళీ గొంతు తగ్గించి, అయినా గొడుగు పట్టుకున్న ఆ ఇల్లాలి చెయ్యి ఎంత లాగేస్తోందో కనపడేలా వేశాడన్నయ్యా, అన్నాడు. పావుగంట పైనే పట్టింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అవతల ఉన్నది ఆడదైతే ఎంత బాగుండేది! జుట్టు పట్టుకోవచ్చు, అక్కకి ఫోను చేసి ఏడవచ్చు. జుట్టు కత్తిరించే మనిషి మీద, అందులోనూ తన కాపురం నిలబెట్టిన మనిషి మీద అసూయ అంటే ఎవరు నమ్ముతారు? తను ఇన్నేళ్ళు బతిమాలింది, తిట్టింది, సీసాలు పారబోసింది. చెవికెక్కలేదు. ఆ మనిషి గడ్డం గీస్తూ ఏదో ఒక మాట అన్నాడట, ఎక్కింది. ఆ మాటేమిటో ఈ రోజుకీ తనకి తెలీదు.

రెండో రోజు నది ఒడ్డున నడిచారు. పాత గడియారాల ప్రదర్శన చూశారు. కుండలు చేసే చోట ఇద్దరూ మట్టి పిసికారు. ఆమె చేసింది గిన్నెలా వచ్చింది, అతను చేసింది ఏమిటో నేర్పినావిడకి కూడా అర్థం కాలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. కానీ నదికీ, గడియారాలకీ, మట్టికీ ఆమెకి దక్కింది ఒకే మాట, బాగుంది. ఆరింటికి ఫోనులో అరగంట. ఏమిటంత సేపు అని అడిగితే, ఏముంది, ఊరికే, అన్నాడు.

మూడో రోజు సంగీత కచేరీ. నాలుగున్నరకి మొదలై ఆరింటికి విరామం. చలికోట్లు విప్పి అప్పగించే చోట అతను జేబులు ఖాళీ చేసి, ఫోను ఆమె సంచిలో పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. పెట్టేముందు ఆపేసింది. ఈ ఒక్క సాయంత్రం అతను విన్నది అతనిలోనే ఉండిపోతే, చెప్పుకోడానికి పక్కనున్న తన దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది?

తెర లేచింది. ముదురు ఎరుపు మఖమలు, కుచ్చులన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి. ఎవరు కుట్టారో గానీ చేతికి దండం పెట్టాలనిపించింది. అతను కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడు వినేటప్పటిలా తల ఒక పక్కకి వంచి విన్నాడు. విరామంలో ఫోను అడిగాడు.

"బ్యాటరీ అయిపోయినట్టుందండీ," అంది.

అతను చచ్చిన ఫోను చేతిలో తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. కాసేపు అలా తిరిగొస్తానని లేచాడు. వస్తాడు, వచ్చి చెప్తాడు అనుకుంటూ ఆమె కూర్చుంది. పది నిమిషాలైంది. విరామం అయిపోతోందని మొదటి గంట కొట్టారు. పక్క సీట్లు నిండాయి, అతని సీటు నిండలేదు.

బయట వసారాలో పొడవాటి బల్ల, తెల్లటి గుడ్డ, వరసగా వైను పోసిన గ్లాసులు. దాని ముందు అతను జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె గబగబా వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది. కోట్లయినా తీసుకోకుండా బయటి మెట్ల మీదికి లాక్కొచ్చింది.

"ఫోను నేనే ఆపేశాను," అంది.

"ఎందుకు?"

"ఆయనకి అరగంట. నాకు 'బాగుంది'. నేనేం పాపం చేశాను?"

అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నేను నోరు తెరవగానే నువ్వు ముందుకి వంగుతావు," అన్నాడు. "మాట వినడానికి కాదు, వాసన చూడ్డానికి. ఎనిమిది నెలల నుంచీ చూస్తున్నాను. ఇప్పుడూ వంగావు."

నిజంగానే వంగి ఉంది. చెప్పేదాకా తనకే తెలీదు. ఆమె వెనక్కి జరిగి, ఫోను తీసి, వెలిగేదాకా ఆగి అతని చేతికిచ్చింది. అతను రెండు నిమిషాలు మాట్లాడాడు. కచేరీలో ఉన్నామని, బ్యాటరీ అయిపోయి ఆలస్యమైందని చెప్పాడు. తన అబద్ధాన్ని అతని నోట వినేసరికి ఆమెకి తలెత్తబుద్ధి కాలేదు.

లోపల రెండో గంట కొట్టారు. ఇద్దరూ కదల్లేదు. మెట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి అతను, ఆ బండి బొమ్మ ఉంది చూడు, అని మొదలుపెట్టాడు.

"అది విన్నాను," అంది. "ఆయనకి చెప్పిందే మళ్ళీ నాకొద్దు. చెప్పనిదేమన్నా ఉంటే చెప్పండి."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. మెట్ల మీద మంచు సన్నగా రాలుతోంది.

"ఇందాక నువ్వు రాకముందు ఒక గ్లాసు ఎత్తాను," అన్నాడు. "ఇది ఆయనకి చెప్పలేదు."

ఆమె ఒళ్ళంతా అతని వైపు లాగింది. అడగాల్సిన ప్రశ్న నాలుక చివరికి వచ్చి కూర్చుంది. మెడలోని మఫ్లరు ముక్కు మీదికి లాక్కుని, మెట్ల కింద ఖాళీగా ఉన్న బస్సు స్టాపు వంక కళ్ళు తిప్పకుండా చూస్తూ,

"ఊఁ, తర్వాత?" అంది.