మామ గుంత సిద్ధాంతం

మా అహ్మద్ మామది నర్సంపేటలో పరుపుల దుకాణం. దూది ఏకడం, పరుపు కుట్టడం తప్ప ఆయనకు వేరే పని రాదు. అలాంటి మనిషి ఒక ఆదివారం సుబేదారిలోని మా ఇంటికి వచ్చి, రెండు వందల పేజీల నోట్‌బుక్కు నా చేతిలో పెట్టాడు.

"సుమేరా, భూమి సూర్యుని చుట్టే ఎందుకు తిరుగుతదో నాకు దొరికింది బిడ్డా. నువ్వు కాలేజీల ఫిజిక్స్ చెప్తవ్ గదా. జర చదివి తప్పో ఒప్పో చెప్పు. వచ్చే ఆదివారం వస్త," అన్నాడు. చాయ్ కూడా తాగకుండా బస్సుకు పోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దలేకే చస్తుంటే, పైనుంచి ఇదొకటి.

సాయంత్రం జుబేదా అత్తమ్మ ఫోన్ చేసింది. "మెషిన్ పరుపులు వచ్చినప్పటి సంది గిరాకీ లేదు. మీ మామకు ఇప్పుడు ఆ బుక్కు ఒక్కటే ఉన్నది. తప్పని మాత్రం చెప్పకు బిడ్డా, మనిషి కుంగిపోతడు," అంది. చెప్పనని మాటిచ్చాను.

రెండు పేజీలు తిప్పి మూసేద్దామనే మొదలుపెట్టాను. మామ సిద్ధాంతం ఇదీ: పరుపు మీద బరువు పడితే దూది అణుగుతుంది. బరువు తీసేసినా గుంత పోదు. విప్పి మళ్ళీ ఏకితేనే పోతుంది. మనం ఖాళీ అనుకునే ఆకాశం కూడా దూది లాంటిదే. భూమి సూర్యుడి చుట్టూ ఒకే దారిలో తిరిగీ తిరిగీ అక్కడ గుంత చేసుకుంది. ఇప్పుడు అందులోంచి బయటికి రాలేకపోతోంది.

రుజువు కూడా రాశాడు. "నేను, జుబేదా ముప్పై ఏండ్లు ఒకటే పరుపు మీద పండుకున్నం. ఆమె గుంత ఆమెది, నా గుంత నాది. కండ్లు మూసుకొని పోయినా ఎవరి గుంతలకు వాళ్ళమే పోతం." దీనికి బొమ్మ కూడా వేశాడు. పడీ పడీ నవ్వాను.

అరవయ్యో పేజీలో నవ్వు ఆగిపోయింది. "పిల్లలకు దుప్పటి గుంజి పట్టి, నడుమ బరువు పెట్టి, గోలీ జారుతది చూడున్రి, సూర్యుడు భూమిని గుంజుడు గూడ గిట్లనే అంటరు. గోలీ జారేది కింద భూమి గుంజుతున్నది గనుక. మరి ఆకాశంల కింద ఎవలు గుంజుతున్నరు?" పదిహేనేళ్ళుగా క్లాసులో ఆ దుప్పటి పట్టించి గోలీ వేస్తున్నది నేనే. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మిగతా నూట నలభై పేజీలూ చదివాను.

అన్న ప్రకారమే ఆదివారం మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చాలా మంచిగున్నది మామా," అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. నోట్‌బుక్కు తీసుకుని మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు. "నువ్వు గూడ చదువలేదా బిడ్డా," అన్నాడు.

ఆ మాటకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అత్తమ్మకిచ్చిన మాట మరిచిపోయాను.

"నేను చదువలేదా? అక్షరం వదలకుండ చదివిన! దుప్పటి మీద నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేకుండె, అది నిజం. కానీ నీ గుంత తప్పు మామా! భూమి ఒకటే దారిల తిరుగుతదని రాసినవ్. సూర్యుడు ఆగి ఉన్నడా? ఆయన గూడ పోతనే ఉన్నడు, భూమిని ఎంబడి తీసుకపోతున్నడు. పోయినేడు ఉన్న చోటికి భూమి మళ్ళ రానేరాదు. రాని చోట గుంత ఎట్లయితది?"

మామ సంచిలోంచి నోట్‌బుక్కు బయటికి తీశాడు. "మళ్ళ రాదా? ఎన్నడు రాదా?" అన్నాడు.

"రాదు మామా."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత పని చేశాను! ఇప్పుడు అత్తమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? "ఫికర్ చేయకు మామా, మిగతాదంతా..." అని సర్దబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఏడేండ్ల సంది రాస్తాన బిడ్డా. పెద్ద సార్లకు చూపిచ్చిన, దోస్తులకు చూపిచ్చిన, మీ అత్తకు చూపిచ్చిన. అందరు మంచిగున్నదనే అన్నరు," అన్నాడు. అరచేత్తో కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "తప్పని చెప్పాలంటే చదవాలె గదా. నువ్వొక్కదానివే చదివినవ్."