చెల్లెలి నాలుగు ఫోటోలు

వీధిలో ఆవిడ్ని అందరూ విగ్గులావిడ అనేవాళ్లు. ఆ పిలుపుకి ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. "కొందరు మెడలోకి నగలు చేసిపెడతారు, కొందరు చేతికి చేసిపెడతారు, నేను తలకి చేసిపెడతాను, తక్కువేముంది?" అనేది. మేడ మీద వెనక గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద చెక్కతో చేసిన తలకాయ, దానికి తొడిగిన సన్నటి వల, చేతిలో బెత్తెడు కూడా లేని కొక్కెం. ఆ కొక్కెంతో ఒక్కో వెంట్రుకనీ వలలోంచి లాగి ముడెయ్యాలి. ఆవిడ దగ్గరికి సోకుల కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. జబ్బు చేసి జుట్టు రాలిపోయినవాళ్లు, పేనుకొరుకుడు వచ్చినవాళ్లు, కాలిన మచ్చ దాచుకోవాలనుకునేవాళ్లు వచ్చేవాళ్లు. కట్టుకున్నవాడికి కూడా చూపించని తలని తీసుకొచ్చి ఆవిడ ముందు వంచేవాళ్లు. ఎవరి తల ఎలా ఉందో ఆవిడ ఇంకో చెవిన పడనిచ్చేది కాదు. అందులో మాత్రం ఆవిడకి వంక పెట్టడానికి లేదు.

ఆ నోటికున్న గుట్టు ఆవిడ కంప్యూటర్‌కి లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ పనికి ఫోటోలు ఎదురుగా ఉండాలి. బోడి తలకి ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, పై నుంచి ఒకటి. జుట్టున్న రోజుల్లో తీసిన పాత ఫోటో ఇంకోటి. నుదుటి మీద జుట్టు ఎక్కడ మొదలవ్వాలి, పాపిట ఎటు వాలాలి, చెవి దగ్గర ఎంత పలచగా ఉండాలి, అన్నీ చూసుకుంటూ ముడెయ్యాలి. కంప్యూటరేమో కాసేపు ముట్టుకోకపోతే చాలు, నిద్రపోయి పాస్‌వర్డ్ అడిగేది. ఒక చేతిలో కొక్కెం, ఇంకో చేతిలో చిటికెడు వెంట్రుకలు. వదిలితే ఫ్యాను గాలికి గదంతా చెల్లాచెదురు. నాలుగుసార్లు ఓర్చుకుని, అయిదోసారి ఆవిడ ఆ పాస్‌వర్డే పీకి పారేసింది. అంతటితో ఊరుకుందా? కంప్యూటర్ ఊరికే ఉంటే అందులోని ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద వాటంతటవే వచ్చేలా పెట్టుకుంది. ఎవరూ నేర్పకుండా తనే చేసుకున్నానని మురిసిపోయింది కూడా.

వాళ్లాయన బీమా ఆఫీసులో గుమాస్తా. తాళాల మనిషి. పడుకునే ముందు గొళ్లెం పెట్టి, పక్క మీదికి చేరాక మళ్లీ లేచి చూసొచ్చే రకం.

"అందులో ఇంతమంది గుట్టుంది. తలుపు తీసి పెట్టుకున్నట్టే కదా అది," అన్నాడు.

"ఆ మూలగదికి ఏ దొంగొస్తాడండీ? వచ్చినా బోడి తలలు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడు?"

"దొంగే రానక్కర్లేదు. చుట్టాలొచ్చినా చాలు."

"మీరు బీరువా తాళం సొరుగులో పెట్టి, సొరుగు తాళం బీరువాలో పెట్టే మనిషి. మీతో నాకెందుకు."

"పోనీ, పనయిపోయినవాళ్ల ఫోటోలైనా చెరిపెయ్యి."

"ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తారు. అప్పుడు మీరిస్తారా నాకు?"

ఇలా దేనికైనా ఆవిడ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆయన చెవిలో జోరీగలా కొన్నాళ్లు పోరి, తర్వాత మానేశాడు.

ఆవిడకో చెల్లెలుంది. భర్త చిన్న వయసులోనే పోతే ఒక్క కూతుర్నీ ఒంటిచేత్తో పెంచుకొచ్చిన మనిషి. చిన్నప్పట్నించీ చెల్లెలికో అలవాటు, ఏం జరిగినా ముందు అక్క చెవిన వేస్తేగానీ జరిగినట్టుండదు. బడిలో తప్పినా అంతే, ఉద్యోగం వచ్చినా అంతే, కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు భర్తకన్నా ముందు అక్కకే చెప్పింది. రొమ్ములో గడ్డ అని డాక్టర్ చెప్పిన రోజున కూడా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అక్కకే ఫోన్ చేసింది. ఆపరేషనైంది, మందులెక్కించారు, జుట్టంతా దువ్వెనతో పాటు వచ్చేసింది. కూతురికి మాత్రం చెప్పలేదు.

కూతురు వేరే ఊళ్లో లెక్కల టీచరు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని దానికి పిచ్చుక అని పేరు పడిపోయింది, ఎదిగాక కూడా ఆ పేరు పోలేదు. వీడియోలో కనిపించమని అడిగినప్పుడల్లా తల్లి తన ఫోన్ కెమెరా పాడైందని చెప్పేది.

"ఎన్నాళ్లు దాస్తావే?" అంది అక్క.

"దాచడం కాదక్కా. ఫోన్లో చెప్తే దానికి నా జబ్బొక్కటే వినిపిస్తుంది, నేను కనిపించను. సెలవులకొస్తుందిగా, తలుపు నేనే తీస్తాను, ఎప్పట్లాగే జడతో. ఒక పూట మామూలుగా తింటాం, మామూలుగా పోట్లాడుకుంటాం. ఆ తర్వాత చేయి పట్టుకుని కూర్చోబెట్టి చెప్తాను. అప్పటికి నా జుట్టు నువ్వు నాకు తెచ్చిపెట్టాలి."

ఆ మాట మీదే చెల్లెలు ఆ గదిలో కుర్చీలో కూర్చుని తలకున్న గుడ్డ విప్పింది. ఎందరి తలలో చూసిన మనిషికి ఆ రోజు ఒక్క ఫోటో కూడా తిన్నగా కుదర్లేదు. నాలుగు ఫోటోలకి ఎన్నిసార్లు తీసిందో.

"ఇవెవరూ చూడరుగా అక్కా?"

"నా కంఠంలో ప్రాణముండగా ఎవరూ చూడరు," అంది అక్క.

ఆ అనడం మనసారానే అంది. అందుకే తర్వాత అంతగా కాల్చింది ఆ మాట.

విగ్గు దాదాపు అయిపోవచ్చింది. కణతల దగ్గర చెల్లెలికి తెల్లటి పాయ ఒకటుండేది, దాన్ని కూడా ఆవిడ పట్టుబట్టి కుదిర్చింది. ఇక నుదుటి అంచొక్కటే మిగిలింది. పిచ్చుక మర్నాడు దిగుతుంది. చెల్లెలు ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో చూపించుకుని అట్నించటే వచ్చి తలకి పెట్టి చూసుకుంటానంది.

తలుపు చప్పుడైతే చెల్లెలే అనుకుని తీసింది. ఎదురుగా పిచ్చుక, భుజాన సంచీతో.

"ఇంటికెళ్తే తాళముంది పెద్దమ్మా. ఒకరోజు ముందే వచ్చి అమ్మని హడలగొడదామనుకుంటే, ఫోన్ కూడా ఎత్తట్లేదు," అంటూనే చెప్పులు విడిచి, చిన్నప్పటి అలవాటు కొద్దీ తిన్నగా మేడెక్కి పనిగదిలోకి పోయింది.

విగ్గులావిడ పిల్ల వెనకే రెండేసి మెట్లెక్కి, అది సంచీ దించుకునేలోపు బల్ల మీది చెక్క తలకి తువ్వాలు కప్పేసింది. ఆ తెల్ల పాయ చూస్తే ఎవరి జుట్టో పిల్ల ఇట్టే పట్టేస్తుంది. తెర వంక కూడా చూసింది. చూడలేదని అనకూడదు. వెంట్రుకలమ్మే అతను పంపిన ఉత్తరం తెరిచి ఉంది, దాంతో ప్రమాదమేముంది అనుకుంది. హమ్మయ్య అనుకుని, "కూర్చో, గుడ్డు వేయించి తెస్తాను," అని కిందికి దిగింది.

గుడ్డు ఒక వంక మాత్రమే. వంటింట్లోకెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది. ఇటు రావద్దని, ముందు ఇంటికెళ్లమని, ఈలోగా తనే విగ్గు పట్టుకుని వెనకదారిన వస్తానని చెప్పాలి. మోగుతోంది గానీ ఎత్తట్లేదు. మళ్లీ చేసింది. పెనం మాడి పొగలొస్తుంటే ఆర్పేసి ఇంకోసారి చేసింది. గుట్టు కాపాడదామని ఆవిడ అక్కడ నిలబడ్డ ప్రతి నిమిషమూ పైన కంప్యూటర్ ఊరికే కూర్చుంది. ఊరికే ఉంటే ఏం చెయ్యాలో దానికి ఆవిడే నేర్పి పెట్టింది.

పళ్లెం పట్టుకుని పైకొచ్చేసరికి పిచ్చుక తెర ముందు నిలబడి ఉంది. తెర మీద ఎవరో తెలియని ఆవిడ తల. అది పోయి ఇంకోటొచ్చింది. అది పోయి చెల్లెలు వచ్చింది, ఎడమ పక్క నుంచి.

"ఇందాకట్నించి ఇది మూడోసారి పెద్దమ్మా," అంది పిచ్చుక. గొంతు పెంచలేదు. "మొదటిసారి ఎవరో అమ్మలాంటావిడ అనుకున్నాను."

"అమ్మా పిచ్చుకా, నువ్విలా కూర్చో."

"ఎప్పట్నించి?"

"మీ అమ్మ చెప్తుంది. నా నోటితో చెప్పించకు."

"అయితే మీకు తెలుసు. పెదనాన్నకీ తెలుసా?"

ఆవిడ పళ్లెం ఎక్కడ పెట్టాలో కూడా తోచక అలాగే పట్టుకుంది. అప్పుడే కింద తలుపు తోసిన చప్పుడూ, మెట్ల మీద అడుగులూ వినిపించాయి. ఆ అడుగులు మధ్యలో ఆగాయి. గుమ్మంలో కూతురి చెప్పులు చూసే ఉంటుంది. వెనక్కి పోతుందేమో, పోతే బాగుండు అని అక్క దేవుడికి మొక్కుకుంది. పోలేదు. తలకి గుడ్డ కట్టుకుని చెల్లెలు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

ముందు కూతుర్ని చూసింది. తర్వాత కూతురి వెనక తెర మీద తన నడినెత్తిని చూసింది. విగ్గులావిడ ఒక్క గెంతులో పోయి గోడకున్న ప్లగ్గు పీకేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

"నేను చెప్దామనే..." అంది చెల్లెలు. అన్నాళ్లు లోపల్లోపల వల్లె వేసుకున్నదంతా ఆ రెండు ముక్కలయింది.

"సరేలే అమ్మా. ఇంటికెళ్దాం పద," అంది పిచ్చుక. తల్లి చేయి అదే పట్టుకుంది.

వెళ్తూ చెల్లెలు అక్కని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా విగ్గులావిడకి కాస్త ఊపిరాడేది.

సాయంత్రం వాళ్లాయనొచ్చాడు. విన్నాడు. "చెప్పానా" అనలేదు పాపం, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి పాస్‌వర్డ్ పెట్టారు, ఫోటోలు తిరగడం ఆపారు, పనయిపోయినవాళ్ల ఫోటోలు చెరిపారు. అప్పుడు పట్టుకుంది ఆవిడకి అసలు భయం. ఆ గదిలోకి ఇన్నాళ్లూ ఎవరెవరొచ్చారు? కొళాయి బాగుచెయ్యడానికొచ్చినతను, నిచ్చెన అడగడానికొచ్చిన పక్కింటావిడ, కొలతల కోసం వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్న మిగతా ఆడవాళ్లు. ఎవరు ఎవర్ని చూశారో, చూసి ఎవరితో అన్నారో, ఇక ఏనాటికీ తెలియదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పుకుంది. ఇద్దరు ముగ్గురు పోనీలెమ్మన్నారు. ఒకావిడ "చెప్పినందుకు మంచిది" అని పెట్టేసింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

చెల్లెలు తర్వాతి వారం వచ్చింది. విగ్గు పెడితే అచ్చం ఎప్పటి చెల్లెలే. అద్దంలో చూసుకుని, "బాగా కుదిరింది," అంది. తర్వాత, "నా ఫోటోలు నా ముందు తీసెయ్ అక్కా. చెత్తబుట్టలోంచి కూడా," అంది.

తీసేసింది. తీసేసి, చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు నాదేనే. మీ బావ ఎన్నిసార్లు చెప్పినా నేనే ఎగతాళి చేశాను. నన్ను క్షమించవే."

"దానికి తెలిసినందుకు కాదక్కా నా బాధ. ఎలాగూ తెలియాల్సిందే," అంది చెల్లెలు. "తెలిసిన నిమిషంలో దాని పక్కన నేనుండాలనుకున్నాను. అది ఒక్కత్తే నిలబడి చూసింది. నువ్వు కూడా లేవు పక్కన."

కోపంగా అనలేదు. అనేసి విగ్గు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా రావడం మానలేదు. పలకరిస్తే పలికేది, ఒంట్లో ఎలా ఉందే అంటే "బానే ఉంది" అనేది. అక్కకి ఆ "బానే ఉంది" దాటి ఇంకో మాట దొరికేది కాదు. తనే తవ్వి అడుగుదామంటే, అడిగే హక్కు పోగొట్టుకున్నాను కదా అనిపించి నోరు మూసుకునేది.

ఒక ఆదివారం ఆవిడ వంటింట్లో ఉండగా వాళ్లాయన ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చుట్టాలందరూ ఉన్న గ్రూపులో చెల్లెలు పెట్టిందట. గట్టిగా చదివాడు. స్కానింగ్‌లో ఏమీ లేదు, ఇక మందులు కూడా అక్కర్లేదన్నారు, మీ అందరి ఆదరణకి నమస్కారాలు. కింద అప్పుడే ఎవరెవరో దండాలు పెట్టేస్తున్నారు, వాళ్లాయన పినతల్లి కొడుకుతో సహా.

విగ్గులావిడ పొయ్యి మీది గిన్నె దించింది. సంతోషానికే కళ్లు నిండాయి, అందులో అబద్ధం లేదు. చెల్లెలు బతికింది, అంతకన్నా ఏం కావాలి. తన ఫోన్ బల్ల మీదే ఉంది, పొద్దున్నించీ ఒక్కసారి కూడా మోగలేదు.

"నీకు ముందే చెప్పుంటుందిలే," అన్నాడాయన, నవ్వు మొహంతో. "నువ్వే నాతో ఒక్క మాటైనా అనలేదు చూడు."

"ఆ," అంది ఆవిడ. "పొద్దున్నే చెప్పింది."