ఉప్పు లేని పులిహోర

కార్తికమాసమున నొక మధ్యాహ్నము తొలిచలికి పదును దగ్గిన యెండ యుసిరిచెట్టు సన్నని యాకులగుండ జల్లించిన పసుపుపొడివలె నేలపై రాలుచుండ, కాలువగట్టున వనభోజనములకు వచ్చిన గృహస్థులు విస్తళ్ల ముందు బంతి దీరి కూర్చుండిరి. వారిలో యజ్ఞనారాయణగారు నిత్యానుష్ఠానపరులు, మితభాషులు. అయినను వివాహము నాటినుండి వారి మనస్సున నొక సందేహము వదలక నిలిచియుండెను: భార్యయగు కనకాంబను తాము వలచినది తమ కన్నులతోనా, పరుల కన్నులతోనా?

పెండ్లిచూపులనాడు వారికి విశేషమేమియు దోచలేదు. పులిహోర వడ్డించిన యా కన్య తలుపుచాటునకు బోయి "ఉప్పు సరిపోయిందాండీ?" అని మెల్లగా నడిగెను. ప్రక్కనున్న తమ మేనత్త మూతి ముడుచుట జూచి వారు నోరు విప్పరైరి.

తిరుగుప్రయాణమున పడవలో నొక వృద్ధుడు, వీరు చూచి వచ్చిన కన్య యెవరో విని, "ఆ పిల్లనా! మా కరణంగారబ్బాయి ఆ పిల్లకోసం అన్నం మానేసి కూర్చున్నాడు నాయనా" అనెను.

"అంత చక్కనిదా! నేను సరిగ్గా చూడనేలేదురా, పడవ వెనక్కి తిప్పించు" అని మేనత్త తొందరపడెను.

అంతట నా చామనచాయ నీలోత్పలచ్ఛాయయై, యా చిన్ని ప్రశ్న వీణానిక్వణమై యజ్ఞనారాయణగారి హృదయమున నెలకొనెను. పడవ రేవు జేరులోపల సంబంధము నిశ్చయమయ్యెను. సంసారము సుఖముగనే సాగెను. కాని యా కరణపుత్రుని యుపవాసమే లేకున్న ఈ ప్రేమ యుండెడిదా యను శంక సంధ్యావందనవేళ సైతము వారిని వెంటాడుచుండెడిది.

ఇంతలో కనకాంబ చేసిన పులిహోర వచ్చెను. పెద్దలగు సోమయాజులుగారు తొలిముద్ద మ్రింగి "అమృతమమ్మా!" అనగానే బంతియెల్ల "అమృతం, అమృతం" అనెను. యజ్ఞనారాయణగారు రుచి చూచిరి. అందు ఉప్పే లేదు.

"మీరేమీ అనరేం?" అని కనకాంబ యెదుట నిలిచెను.

మెచ్చుకొన్నచో నది బంతివారి మాట యగును. నిజము పలికినచో నామె నలుగురిలో చిన్నబోవును. వారొక క్షణము తటపటాయించి "ఉప్పు వెయ్యడం మరిచిపోయావే" అనిరి.

బంతివారు తలలు వంచుకొనిరి. కనకాంబ కొంగు నోటి కడ్డము పెట్టుకొని నవ్వెను.

"పెళ్ళిచూపుల్నాడు అడిగినదానికి ఇన్నాళ్ళకు బదులు చెప్పారు! ఆనాడూ మరిచిపోయాను. మీ మేనత్తగారు అందుకే మూతి ముడిచారు. మీరు మాత్రం మాటా పలుకూ లేకుండా విస్తరి చూపించి మారు వేయించుకున్నారు. తలుపుచాటునుంచి చూస్తూనే ఉన్నాను."

యజ్ఞనారాయణగారి చేయి విస్తరిపై నిలిచిపోయెను. ఆ మారు వేయించుకొనుట పడవ యెక్కుటకు ముందు. పరుల మాట చెవిని బడుటకు ముందు. కన్ను గుర్తింపనిదానిని చేయి యెఱిగియుండెను కాబోలు.

వారు మెల్లగా విస్తరి ముందునకు జరిపి "ఇంకొంచెం వడ్డించు" అనిరి.