నీళ్ల పరీక్ష

"లోపల కూర్చో. ఎక్కడ కారుతుందో చెప్పు," అంటాడు మా ఆయన. ఏటా ఒకసారి అంటాడు. పెరట్లో టెంటు వేసి, నన్ను లోపలికి పంపి జిప్పు లాగేసి, కుళాయికి పైపు తగిలించి పైనుంచి నీళ్లు కొడతాడు. నేను లోపల గొంతుక్కూర్చుని, చుక్క పడిన చోటల్లా రంగు పెన్సిలుతో సున్న చుడతాను. బయటికొచ్చాక ఆ సున్నాలన్నీ నేనే కుడతాను. కొండల్లో టెంటు ఎలా ఉంటుందో నాకు తెలీదు. నేనెరిగిన టెంటు పెరట్లోదే.

కొండల్లోకి వెళ్లేది నలుగురు. మా ఆయన, మా మరిది, వాళ్ల స్నేహితులిద్దరు. ఏడాదికి రెండుసార్లు. వచ్చిన రోజు సామానంతా వరండాలో పడేసి, వేడినీళ్లు పోసుకుని పడుకుంటారు. టెంటు తడిగానే చుట్టి తెస్తారు. విప్పితే ముక్కు మూసుకోవాలి. మేకులు గుచ్చే చోట బట్ట చిరిగి ఉంటుంది. జిప్పుల్లో ఇసుక. మరిది టెంటులోనే స్టవ్వు వెలిగిస్తాడు కాబట్టి ఎక్కడో ఒకచోట కాలిన కన్నం. "వదినా, కాస్త చూడు. నీకిదెంత, చిటికెలో పని," అంటాడు. ఆ చిటికె మూడు వారాలు.

నేను పనిచేసేది ఆసుపత్రిలో, దుప్పట్ల గదిలో. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు పొద్దున్నించి సాయంత్రం దాకా కుడతాను. అక్కడ మా మీద అధికారి ఒకడున్నాడు. మెడ నొప్పిగా ఉంది, కుర్చీ మార్చండి అని అడిగితే, "ఇంట్లో చేసుకునే పనేగా అమ్మా ఇది, దీనికి కుర్చీ ఎందుకు?" అన్నాడు. ఇంటికొచ్చి, ఈ ఒక్కసారికి టెంటు బయట కుట్టించుకోండి అంటే, "ఆసుపత్రిలో రోజంతా చేసే పనేగా, ఇంట్లో చేస్తే అరిగిపోతావా?" అన్నాడు మా ఆయన. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. కలిస్తే బాగా కుదురుతుంది.

టెంటు కుట్టడం దుప్పటి కుట్టడం లాంటిది కాదు. సూది దిగిన ప్రతి చోటా కన్నం పడుతుంది, ఆ కన్నంలోంచి నీళ్లొస్తాయి. కుట్టాక కుట్టు పొడుగునా కరిగిన మైనం పుయ్యాలి, లోపల ఒకసారి, బయట ఒకసారి. వేడి తగ్గేలోపు బొటనవేలితో రుద్దాలి. నా కుడి బొటనవేలికి గీతలు లేవు. ఆసుపత్రిలో వేలిముద్ర యంత్రం నన్ను గుర్తుపట్టదు. మైనం సంగతి మా ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఫోనులో స్నేహితులతో, "మా టెంటు పదహారేళ్లది. చుక్క కారదు. వాడే పద్ధతి తెలిసుండాలి," అనడం విన్నాను. ఆయన ఆ మాట అంటున్నప్పుడు నేను పక్క గదిలో ఆయన వాడిన పద్ధతినే కుడుతున్నాను.

ఒక ఏడాది నీళ్ల పరీక్ష మధ్యలో ఆయన స్నేహితుడొచ్చాడు. పైపు నేల మీద పడేసి టీకని వెళ్లిపోయారు. నేను లోపలున్న సంగతి మర్చిపోయారు. మొదట కోపమొచ్చింది. పిలుద్దామనుకున్నాను. తర్వాత కాళ్లు చాపుకున్నాను. వెలుతురు పచ్చగా ఉంది. నన్నెవరూ ఏమీ తెమ్మనడం లేదు. పెళ్లయ్యాక అంతసేపు ఒక్కదాన్నే ఊరికే పడుకోవడం అదే మొదలు. చివరికి మా అత్తగారు వంటింటి కిటికీలోంచి, "ఏమమ్మా, అక్కడే కాపురం పెట్టావా?" అని అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం, పెడితే బాగుండు అనుకున్నాను. ఆ కోరిక అప్పటిది.

ఈసారి వాళ్లు బయల్దేరడానికి నెల ముందు అడిగాను. "నేనూ వస్తాను."

మా ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కొండెక్కాలి. తెలుసా?"

"ఆసుపత్రిలో లిఫ్టు మాకివ్వరు. రోజూ నాలుగంతస్తులు దుప్పట్ల మూటతో ఎక్కుతున్నాను."

"నీకు పడుకునే సంచి లేదుగా."

"ఉంటే?"

"ఉంటే చూద్దాంలే," అన్నాడు.

ఆ మాట పట్టుకున్నాను. మా మరిది పారేసిన పాత పడుకునే సంచి ఒకటి మెట్ల కింద ఉంది. జిప్పు పోయింది. అడుగు మొత్తం చిరిగి దూది ముద్దలు కట్టింది. దూదంతా బయటికి తీసి ఎండబెట్టాను, వేళ్లతో ఏకాను. చాలలేదు. నా బొంత విప్పి అందులోది కలిపాను. కొత్త జిప్పు వేశాను. నా పొడుగుకి సరిపోయేలా కింద జానెడు మడిచి కుట్టాను. పదహారేళ్లలో నా కొలతకి కుట్టింది అదొక్కటే. వాళ్ల టెంటూ, వాళ్ల సంచులూ కూడా ఎప్పుడూ లేనంత బాగా కుట్టాను. సెలవు పెట్టుకున్నాను. అత్తగారికి నాలుగు రోజులు తోడుండమని ఆడపడుచుని అడిగి ఒప్పించాను.

బయల్దేరే రోజు పొద్దున టిఫిన్ తింటూ మా ఆయన, "ఆ చివరి సంచి జీపులో వెయ్యి. మా ఫ్రెండు మేనల్లుడు వస్తానన్నాడు. వాడికి సంచి లేదట," అన్నాడు.

"ఆ సంచి నాది."

"నువ్వెక్కడికి? అమ్మనెవరు చూస్తారు?"

"మీ చెల్లెలొస్తోంది. చెప్పానుగా."

"దానికి రావద్దని ఫోను చేసేశాను." చట్నీ వేసుకున్నాడు. "అయినా మగాళ్ల మధ్య నువ్వెక్కడ పడుకుంటావ్?"

మరిది తలెత్తకుండా, "సంచి కూడా పొట్టిగా కుట్టావొదినా. వాడి కాళ్లు పట్టవేమో," అన్నాడు.

"ఆ సంచి నాది," అన్నాను మళ్లీ.

మా ఆయన ప్లేటు నా వైపు తోశాడు. "సంచి నేను కొన్నది. టెంటు నేను కొన్నది. ఇందులో నీదేముంది? మేం సామాన్లు తెచ్చేలోపు అన్నీ మడిచి ఉంచు."

జీపేసుకుని బజారుకి వెళ్లారు. నేను ప్లేట్లు కడిగాను. కోపం కొత్తది కాదు. కుట్టేటప్పుడు దారం పళ్ల మధ్య పెట్టుకుంటాను కదా, దానితోపాటే కోపాన్నీ నొక్కి పట్టేదాన్ని. ఆ వేళ దారం లేదు, నొక్కడానికి. ఇందులో నాదేముంది? అడిగినవాడికి జవాబు చెప్పాలి కదా. చేతులు తుడుచుకుని పెరట్లో టెంటు వేశాను. ఒక్కదాన్నే. పావుగంట పట్టింది.

తలుపు పక్కన నల్ల అతుకు నా గొడుగు బట్ట. "పాతదేగా," అని ఆయనే కత్తిరించి ఇచ్చాడు. ఆ ఏడు ఆసుపత్రికి తడిసే వెళ్లాను. వెనక నీలంది నా వాన కోటు వీపు. కప్పు మీద పెద్దది, నా చేతిసంచీ లోపలి బట్ట. ఒక్కో అతుకునీ తడిమి చూశాను. అన్నిటికీ తేదీలు గుర్తున్నాయి. వాటిని ఇస్తావా అని నన్ను అడిగినవాడు గుర్తులేడు. ఎందుకంటే ఎవడూ అడగలేదు.

బ్లేడు తెచ్చాను. కుట్లు విప్పడానికీ ఒక పద్ధతుంది. ఒక వైపున ప్రతి నాలుగో కుట్టూ కోసి, రెండో వైపు నుంచి లాగితే దారం పొడుగ్గా, తెగకుండా వచ్చేస్తుంది. బట్టకి గీత పడదు. వాళ్లు కొన్న బట్ట మీద ఒక్క గీతా పడనివ్వలేదు. పదహారేళ్ల పని రెండు గంటల్లో వచ్చేసింది. సంచులకి నేను వేసిన జిప్పులు ఊడదీశాను. నా సంచిలో నా బొంత దూది తీసుకున్నాను.

మా అత్తగారు గుమ్మంలో నిలబడింది. "ఏం చేస్తున్నావే?"

"విప్పుతున్నానత్తయ్యా."

"మళ్లీ ఎప్పుడు కుడతావ్? వాళ్లొచ్చే వేళయింది."

"కుట్టను."

"వాడొచ్చి గోల చేస్తాడు."

"చెయ్యనివ్వండి."

అతుకుల వైపు ఒకసారి చూసింది. "మధ్యలో నన్నిరికించకు," అని లోపలికి పోయింది. కొడుక్కి మాత్రం ఫోను చెయ్యలేదు.

అతుకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, దారాలు ఉండ చుట్టి అరుగు మీద పెట్టాను. పైపు కుళాయికి తగిలించాను.

జీపు ఆగింది. మా ఆయన పెరట్లోకి వస్తూనే, "మడవమంటే వేసి పెట్టావేంటి?" అన్నాడు. తర్వాత ఆగిపోయాడు. టెంటులోంచి అవతలి గోడ కనిపిస్తోంది. "ఇదేంటి? అతుకులేవీ?"

"నావి నేను తీసుకున్నాను. మీరు కొన్నది మీకు అలాగే ఉంది. చూసుకోండి."

"వదినా, వేళాకోళమా? గంటలో బయల్దేరాలి," అన్నాడు మరిది. అతని చేతిలో రొట్టెల సంచి అలాగే ఉంది. గేటు దగ్గర స్నేహితులిద్దరూ, కొత్త కుర్రాడూ చూస్తున్నారు.

మా ఆయన గొంతు పెద్దదైంది. "పిచ్చెక్కిందా నీకు? ఎక్కడెక్కడ విప్పావ్?"

కుళాయి తిప్పాను. పైపు చేతిలో బిగుసుకుంది. రెండో చేత్తో టెంటు జిప్పు తీసి పట్టుకున్నాను.

"లోపల కూర్చో," అన్నాను. "ఎక్కడ కారుతుందో చెప్పు."